సోడా నీరును, దింపని దీపమును

ధ్యాన భాగములు: 2 సమూయేలు 23:13–17, ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 13:1–5



వేసవిలో గ్రామములు తిరిగి పరిచర్య చేయువారికి సోడా నీరు ఎంత మేలైనదో వేరుగా చెప్పనక్కరలేదు. మండుటెండలో బస్సు దిగి, చింతచెట్టు నీడన నిలిచిన సోడాబండి కడకు పోయిన యెడల, బండివాడు సీసాను తడిగుడ్డతో తుడిచి బొటనవ్రేలితో గోలీని లోపలికి నొక్కును. చిన్న ఈల వేసినట్లు చప్పుడగును. రెండు గ్రుక్కలలో గొంతులోని దుమ్ము దిగిపోవును. దేవుడు మనకిచ్చిన చిన్న మేళ్లలో ఇదియొకటి.

అయితే కొన్ని సంవత్సరములుగా సోడా సీసాను చేత పట్టుకొనినపుడెల్ల మా మనస్సు ఒక బావి యొద్దకు పోవుచున్నది. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని చాలాసార్లు తలంచితిమి. అందులో మా దోషమున్నది గనుక వ్రాయుటకు వెనుకాడితిమి. ఇక దాచుట మంచిది కాదు.

మా ఆలయ ప్రాంగణములో ఒక పాత బావి యున్నది. ఊరిలోనికి కుళాయిలు వచ్చిన తరువాత దానిని వాడుట మానివేసి, పైన ఇనుప రేకులు కప్పిరి. సందులలోనుండి ఆకులు రాలి, క్రుళ్లి, అడుగున పూడికగా నిలిచెను. ఒక వేసవిలో కుళాయి నీరు చాలకపోయెను. సువార్త కూటములకు వచ్చు జనులకు నీళ్లు కావలెను గనుక ఆ బావి పూడిక తీయింపవలెనని సంఘపెద్దలును మేమును తీర్మానించితిమి. కూటములకు ఇక నాలుగు దినములే యున్నవి. మా సంఘములోని సహోదరుడొకడు, ముప్పది యేండ్ల కష్టజీవి, ఇద్దరు పిల్లల తండ్రి, "నేను దిగుతానండి అయ్యగారూ" అని ముందుకు వచ్చెను.

రేకులు తీసినపుడు అక్కడ నిలుచున్న ఒక ముసలమ్మ, "ఏళ్ల తరబడి మూసిన బావి నాయనా, ముందు లాంతరు దింపి చూడండి" అనెను. లాంతరు మా ఇంటి వసారాలో మేకునకు వ్రేలాడుచుండెను. పోయి తెచ్చుటకు నూరు అడుగులైనను లేదు. మేము ఎండవైపు చూచి, "పొద్దెక్కిపోతున్నది, ముందు దిగనివ్వండి" అంటిమి. ఆ మాట అన్నది మేమే, మరియొకరు కారు.

అతడు మోకు పట్టుకొని దిగెను. సగము దిగినపుడు పిలిచితే పలికెను. అడుగునకు చేరిన కొంచెము సేపటికి పలుకుట మానెను. అతని తమ్ముడు "అన్నా" అని కేకవేసి దిగబోగా నలుగురు గట్టిగా పట్టుకొని ఆపిరి. ఆ దినమున అక్కడ జరిగిన మంచిపని ఆ యొక్కటే. అగ్నిమాపక దళమువారు వచ్చి పైకి తీయునప్పటికి అతని ప్రాణము పోయియుండెను.

సమాధి కార్యక్రమములో మేము యోబు గ్రంథము మొదటి అధ్యాయము చదివితిమి. ఇచ్చినవాడు దేవుడే, తీసికొనినవాడును దేవుడే గనుక ఆయన చిత్తమును ప్రశ్నింపకూడదని బోధించితిమి. జనులు తలలూపిరి. అతని భార్య మాత్రము తల యెత్తలేదు. ఆ రాత్రి మేము ఇంటికి వచ్చి భోజనము చేసి నిద్రపోతిమి. ఇది చెప్పుటకు ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

నెల దినములు గడచిన తరువాత కూడలిలో సోడా త్రాగుటకు ఆగితిమి. ఆ బండి పెద్దాయన మృతునికి మేనమామ. వయస్సులో ఉన్నపుడు పట్టణములో ఒక సోడా కంపెనీలో పనిచేసినవాడు. సీసా మా చేతికిచ్చి, డబ్బు పుచ్చుకొనక, మెల్లగా ఇట్లనెను:

"అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఈ సీసాలో ఉండే గాలీ, మావాణ్ణి చంపిన ఆ బావిలో గాలీ ఒకటేనంటారు. ఇదేమో దాహం తీరుస్తుంది, అదేమో ప్రాణం తీసింది. మధ్యలో మనిషి జాగ్రత్తే తేడా. మీరు ఆరోజు దేవుడి చిత్తం అన్నారు. గాలిని పుట్టించింది దేవుడే, నేను కాదనను. మరి లాంతరు దింపకపోవడం ఎవరి చిత్తమండీ?"

మేము సెమినరీలో దేవుని సర్వాధికారమును గూర్చియు, కీడు యొక్క మూలమును గూర్చియు పాఠములు చదివి పరీక్షలు వ్రాసినవారము. అయినను ఆ చింతచెట్టు క్రింద మా నోట ఒక్క మాటయు రాలేదు. ఆ సోడా మా గొంతు దిగలేదు.

ఆయన చెప్పినది చాలవరకు నిజమే. దానిని మన పెద్దలు బొగ్గుపులుసు వాయువు అందురు. అది మనము పీల్చు గాలికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువైనది. ఆకులు అలములు క్రుళ్లు చోట పుట్టి, గాలి ఆడని లోతులలో నీటివలె నిలిచిపోవును. రంగు లేదు, వాసన లేదు. అది నిండి ప్రాణవాయువు తగ్గిన చోట దీపము ఆరిపోవును, మనుష్యుడును ఆరిపోవును. అందుచేతనే మన తాతలు పాతబావిలోనికి ముందు దీపమును దింపి, తరువాతనే మనిషిని దింపిరి.

ఈ సోడా నీటిని మొదట చేసినవారిలో ఒకడు మావంటి బోధకుడే యని తెలిసికొన్నపుడు మాకు ఆశ్చర్యము కలిగెను. ఆయన ఇంగ్లండు దేశపు జోసెఫ్ ప్రీస్ట్లీ. 1767లో లీడ్స్ పట్టణములో సంఘకాపరిగా ఉన్నపుడు ఆయన ఇంటి ప్రక్కనే బీరు కాచు స్థలముండెను. పులియుచున్న తొట్ల మీద నిలిచిన గాలిలో మండుచున్న పుల్లను పెట్టగా అది ఆరిపోవుట ఆయన చూచెను. ఆ గాలినే నీటిలో కలుపగా త్రాగుటకు ఇంపైన నీరాయెను. ఆ విధానమును 1772లో చిన్న పుస్తకముగా అచ్చువేయించెను. ఆయన త్రియేక దేవుని ఒప్పుకొననివాడు గనుక ఆయన సిద్ధాంతము మనది కాదు. అయినను ఈ సంగతి గమనింపుడి: పుల్ల ఆరిపోవుటను కన్నులార చూచి ఆలోచించిన మనుష్యుని వలన లోకమునకు చల్లని పానీయము దొరకెను. అదే గాలియున్న చోట దీపమే దింపని మా వలన ఒక ఇంటి దీపము ఆరిపోయెను.

గోలీ సోడా సీసాను చూడుడి. లోపలి గాలి ఒత్తిడికి గోలీ పైకి లేచి, మెడలోని రబ్బరు చుట్టకు అంటుకొని మూతగా నిలుచును. సీసా పగిలి కన్ను పోగొట్టునేమోయని, సోడా నింపువారు దానిని ఇనుప పెట్టెలో పెట్టి త్రిప్పుదురు. చిన్న సీసాలో చిన్న శక్తిని బంధించువాడు సహితము దానికి కావలి పెట్టును. మరి పెద్ద శక్తులను పెద్ద తొట్లలో బంధించువారు ఎంత కావలి పెట్టవలెను?

1984 డిసెంబరు 2వ తేది రాత్రి, తెల్లవారితే 3వ తేది, భోపాల్ పట్టణములో జరిగినదానిని మీలో పెద్దవారు ఎరుగుదురు. పురుగుమందులు చేయు యూనియన్ కార్బైడ్ కర్మాగారములో భూమిలో పాతిన ఒక తొట్టిలోనికి నీరు చేరెను. అందులోని మిథైల్ ఐసోసయనేట్ అను ద్రవము ఉడికి, ఒత్తిడి పెరిగి, ఇంచుమించు నలువది టన్నుల విషవాయువు నిద్రించుచున్న జనుల మీదికి పోయెను. ఆ నీరు ఎట్లు చేరెనో దానిని గూర్చి వాదములున్నవి. కాని ఆ దినమున కావలి ఏమాయెనో దానిని గూర్చి వాదము లేదు. ఆ ద్రవమును చల్లగా ఉంచవలసిన శీతల యంత్రమును నెలల ముందే ఆపివేసిరి. తప్పించుకొను వాయువును మండించి హరించు గోపురపు గొట్టమును మరమ్మతుకై విప్పియుంచిరి. వాయువును కడుగు యంత్రము ఆ ప్రవాహమునకు చాలలేదు. ప్రభుత్వము మొదట ప్రకటించిన లెక్క ప్రకారము వెంటనే చనిపోయినవారు 2,259 మంది. హాని పొందినవారు అయిదు లక్షలకు పైబడిరి. 2010లో అక్కడి న్యాయస్థానము కంపెనీకి చెందిన భారతీయ అధికారులను నిర్లక్ష్యము చేసిన దోషులని తీర్పు చెప్పెను.

ఆ రాత్రియే ఆ పట్టణపు రైల్వే స్టేషనులో గులాం దస్తగీర్ అను ఒక అధికారి యుండెను. కన్నులు మండుచు ఊపిరాడక యున్నను, ప్లాట్‌ఫారము మీద నిలిచిన రైలును సమయమునకు ముందే బయలుదేర పంపి, ఇతర స్టేషన్లకు వార్త పంపెను. తన సొంత కుటుంబము అదే పట్టణములో ఉన్నను తన స్థానము విడువలేదు. ఎందరో తమ కావలి విడిచిన ఆ రాత్రి ఒక్కడు తన కావలి కాచెను.

మన ఆంధ్రదేశములో 2020 మే 7వ తేది తెల్లవారుజామున విశాఖపట్టణము యొద్ద ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పండ్రెండుమంది చనిపోయిరి. ఆ ద్రవమును ఎల్లప్పుడు చల్లగా ఉంచి, అది తనంతట తాను వేడెక్కకుండ మందు కలుపుచుండవలెను. లాక్‌డౌను దినములలో కర్మాగారము మూసియుండగా ఆ జాగ్రత్త కొరతపడెను. మేము ఆ వార్త చదివి, "ఎంత నిర్లక్ష్యము!" అని నోరు తెరచి, వెంటనే నోరు మూసికొంటిమి. మా వసారాలోని లాంతరు మా కన్నులయెదుట నిలిచెను. ఆ తొట్టికిని మా బావికిని పరిమాణమందే భేదము, పాపమందు కాదు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వత్తము. ఇట్టి విపత్తులు దేవుని చిత్తమా, మనుష్యుని దోషమా?

దేవుని సెలవు లేక పిచ్చుకయైనను నేల పడదని ప్రభువు బోధించెను. అది సత్యము. దుఃఖించువానికి అది ఆధారము. అయితే అది దోషము చేసినవాడు దాగుకొనుటకు ఇయ్యబడిన చాటు కాదు. యోసేపు తన అన్నలతో, మీరు కీడు తలపెట్టితిరి గాని దేవుడు దానిని మేలుకు మార్చెనని చెప్పెను. దేవుడు మార్చెను గనుక మీరు కీడే చేయలేదని చెప్పలేదు. పైగా ఆ మాట చెప్పినది గుంటలో పడద్రోయబడిన యోసేపు గాని, త్రోసిన అన్నలు కారు. బావిలో పడినవాని ఇంటివారు "దేవుని చిత్తము" అని కన్నీళ్లతో చెప్పుకొనిన యెడల అది విశ్వాసము. దింపినవాడే ఆ మాట చెప్పిన యెడల అది పిలాతు చేతులు కడుగుకొనిన నీళ్లవంటిది.

ధర్మశాస్త్రము ఈ విషయమై ఎంత తేటగా మాటలాడుచున్నదో చూడుడి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల అక్కడనుండి ఎవడైనను పడినపుడు ఆ రక్తాపరాధము ఇంటివారి మీదికి వచ్చుననియు ఉన్నది. ఎవరినో త్రోసినందుకు కాదు, గోడ కట్టనందుకు. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దు మాటయున్నది. అది పొడుచునని ముందుగా హెచ్చరించినను కట్టివేయని యజమానుడు దోషి. ముసలమ్మ మమ్మును హెచ్చరించెను. చేయవలసిన మేలు తెలిసియు చేయనివానికి అది పాపమని యాకోబు వ్రాసెను. అట్లయిన చేసిన పాపమునకు మాత్రమే కాదు, చేయక విడిచిన పనికి కూడ మనము లెక్క అప్పగింపవలెను.

అయితే ఇంకొక వైపున పొరపాటు పడకూడదు. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినపుడు, వారు అందరికంటె పాపులని తలంచవద్దని ప్రభువు చెప్పెను. చచ్చినవారిని నిందింపలేదు. వినుచున్నవారినే మారుమనస్సు పొందుడని పిలిచెను. ఎక్కడ ఏ ఆపద జరిగినను "వారు త్రాగి దిగిరేమో, వారి పాపమేమో" అను నాలుకలు మన సంఘములలో లేకపోలేదు. ప్రభువు ఆ నాలుకలను కట్టెను.

అన్ని ఆపదలును మనుష్యుని వలననే వచ్చునని కూడ మేము చెప్పుటలేదు. 1977 నవంబరు 19వ తేదిన దివిసీమను ముంచిన ఉప్పెనను ఏ మనుష్యుడును పంపలేదు. వేలాదిమంది కొట్టుకొనిపోయిరి. కాని ఆ తరువాత తీరమున తుపాను ఆశ్రయ భవనములు కట్టబడెను. ముందుగా హెచ్చరించి జనులను తరలించుట వలన తరువాతి తుపానులలో ఎన్నో ప్రాణములు దక్కెను. గాలివాన మన చేతిలో లేదు. ఆశ్రయము కట్టుట మన చేతిలో ఉన్నది. ఏది మన చేతిలో ఉన్నదో దానిని దేవుని మీద వేయకుండుటయే భయభక్తులు.

ఇట్లు ఆలోచించుచుండగా దావీదు సంగతి మా మనస్సునకు వచ్చెను. ఆయన దప్పిగొని, బేత్లెహేము గుమ్మము నొద్దనున్న బావి నీళ్లు ఎవరైనను తెచ్చి యిత్తురా యని ఆశపడెను. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండులో చొరబడి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు త్రాగలేదు. ప్రాణములకు తెగించి పోయినవారి రక్తముగా వాటిని ఎంచి యెహోవా సన్నిధిని పారబోసెను. మన కూటములకు కావలసిన నీళ్లకై ఒకడు బావిలో దిగెను. మేమో, అతడు చనిపోయిన నాలుగవ దినమున ట్యాంకరు నీళ్లు తెప్పించి కూటములు జరిపితిమి. దావీదు నీళ్లు పారబోసెను, మేము పాటలు పాడితిమి.

సోడాబండి యొద్దనుండి వచ్చిన తరువాత రెండు వారములు మేము పోరాడితిమి. సంఘపెద్దలలో కొందరు, "ఇప్పుడు చెప్పితే మాట పోతుంది, కేసులు కూడ రావచ్చు" అనిరి. వారిది మా మీది ప్రేమయే. కాని సహోదరునికి మన మీద విరోధమున్న యెడల బలిపీఠము నొద్ద అర్పణము విడిచిపెట్టి మొదట సమాధానపడుమని ప్రభువు చెప్పగా, మేము ఏ చేతులతో రొట్టె విరువగలము? మరుసటి ఆదివారము ప్రభురాత్రి భోజనమునకు ముందు సంఘము ఎదుట నిలిచి, లాంతరు సంగతి, మేము అన్న మాట, సమాధి యొద్ద చేసిన బోధ, అంతయు చెప్పితిమి. ఆ పిల్లల చదువునకు మా జీతములో ఒక భాగమును సంఘము భాగమును కేటాయించితిమి. అది ప్రాణమునకు వెల కాదని మాకు తెలియును.

కూడిక అయిన తరువాత ఆ సహోదరి మా యొద్దకు వచ్చెను. క్షమించితినని చెప్పలేదు. ఆ మాట ఆమెను అడుగుటకు మాకు హక్కును లేదు. "అయ్యగారూ, ఆ లాంతరు మీ వసారాలోనుంచి తీసి బావి దగ్గర పెట్టించండి" అని మాత్రము చెప్పి పోయెను. ఆ సాయంకాలమే బావి ప్రక్కన మేకు కొట్టించి లాంతరు వ్రేలాడదీసితిమి. అది నేటికిని అక్కడనే ఉన్నది.

కావున సంఘములకు మా మనవి. ఏండ్ల తరబడి మూసిన బావిలోనికి తొందరపడి ఎవరిని దింపవద్దు. మూత తీసి గాలి ఆడనియ్యుడి. దీపము దింపిచూచుట మంచిదే గాని దానిని మాత్రమే నమ్ముకొనవద్దు. దీపము ఆరని చోటను విషవాయువు ఉండవచ్చును. దుర్వాసన గల మురికి గుంటలలో దీపము దింపనే కూడదు, మండు వాయువు అంటుకొనును. గాలిని పరీక్షించు పరికరములు అగ్నిమాపక దళము వారి యొద్ద దొరకును గనుక వారిని ముందే అడుగుడి. బావి లోపల ఆయిలు ఇంజను నడుపవద్దు, దాని పొగ చంపును. దిగువాని నడుమునకు త్రాడు కట్టి, పైన మనుష్యులు పట్టుకొనవలెను. లోపలివాడు పలుకని యెడల ప్రేమతోనైనను వెంట దూకవద్దు. ఒకని వెనుక ఒకడు దిగి ఇంటిల్లిపాది పోయిన సంగతులు ఎన్నో వినుచున్నాము. మరుగుదొడ్ల ట్యాంకులను రక్షణ సాధనములు లేక మనుష్యులచేత శుభ్రము చేయించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. ఆ గుంటలలో దిగుచున్నవారు ఎవరి పిల్లలో మీకు మేము చెప్పనక్కరలేదు. కూలి ఎక్కువ ఇచ్చెదమన్నను దిగవద్దని చెప్పుటకు సంఘము వారి పక్షమున నిలువవలెను.

ఇవి బోధకుడు వ్రాయదగిన విషయములా యని ఎవరైనను అడుగవచ్చును. పిట్టగోడ కట్టుమని మోషే ద్వారా చెప్పిన దేవుడు వీటిని చిన్న విషయములుగా ఎంచలేదు. పొరుగువానిని ప్రేమించుట కొన్నిసార్లు పాటగా ఉండును, కొన్నిసార్లు నూరు అడుగులు నడచి లాంతరు తెచ్చుటగా ఉండును.

మేము ఇప్పుడు మరల సోడా త్రాగుచున్నాము. పెద్దాయన ఇచ్చుచున్నాడు, డబ్బును పుచ్చుకొనుచున్నాడు. గోలీ లోపలికి పోవునపుడు వచ్చు ఆ చిన్న చప్పుడు వినగానే మేము ఒక క్షణము ఆగి, దేవునికి వందనము చెప్పి, మేము దింపకుండ విడిచిన దీపము మరి యేదైనను ఉన్నదా యని మమ్మును మేము అడుగుకొందుము. మీరును అడుగుకొనుడి.

ప్రార్థన: జీవజలపు ఊటయైన ప్రభువా, మా తొందరను, మా సోమరితనమును, నీ చిత్తమను పేరుతో మేము కప్పిన దోషములను క్షమింపుము. మా దప్పిక కొరకు లోతులలో దిగువారి ప్రాణములను మా ప్రాణములవలె ఎంచు మనస్సు మాకిమ్ము. తండ్రులను పోగొట్టుకొనిన బిడ్డలకు నీవే తండ్రివై యుండుము. నీవు మా చేతికిచ్చిన దీపమును దింపుటకు మమ్మును మేలుకొల్పుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.